సీసాల మీద పడ్డ నేరం

ప్రయోగశాలలో ఆమెను అందరూ సీసాల అక్క అంటారు. పంతొమ్మిదేళ్లుగా అదే సింకు, అదే బ్రష్షు. ప్రతి సీసానూ మూడుసార్లు కుళాయి నీళ్లతో, రెండుసార్లు శుద్ధి చేసిన నీళ్లతో కడుగుతుంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, విద్యార్థులు వదిలేసిన అట్ట ఊడిన జీవశాస్త్రం పుస్తకాలు చదువుతుంది. అది ఎవరికీ పట్టదు.

ఆ ఏడాది పరిశోధన చేసే అమ్మాయికి ఏదీ కలిసిరాలేదు. ఈస్ట్ కణంలో ఒక ప్రొటీన్ మైటోకాండ్రియా పొర దాటి లోపలికి వెళ్లాలి. కనబడటానికి దానికి పచ్చగా మెరిసే ముక్క తగిలించారు. ఆ పచ్చదనం లోపలికి పోకుండా కణమంతా పొగలా పరుచుకుంటోంది.

"సీసాల్లో సబ్బు మిగులుతోంది," అన్నాడు అమ్మాయికి గైడ్ అయిన సార్, సీసాల అక్క వైపు చూడకుండానే. "ఈసారీ ఇంతే అయితే ఈవిణ్ణి స్టోర్ గదికి పంపేద్దాం."

సీసాల అక్కకు ఒళ్లు మండిపోయింది. సార్ వెళ్లాక అమ్మాయి దగ్గరికొచ్చింది.

"అమ్మాయ్, ఆ వెలుగు ముక్క ఎక్కడ తగిలించావు?"

"ప్రొటీన్ మొదటి కొసకి అక్కా. సార్ గీసిచ్చిన బొమ్మ అదే."

"ఎక్కడికి పోవాలో చెప్పే చిరునామా కూడా ఆ కొసలోనేగా ఉండేది? దాని మీద టోపీ పెడితే గుమ్మంలో ఎవరు గుర్తుపడతారు? తోకకి తగిలించు."

"సార్ ఊరుకోరక్కా."

"సార్‌ని అడగమన్నానా? తగిలించమన్నాను."

అమ్మాయి భయపడుతూనే ఆ పని చేసింది. నెల పట్టింది. ఆ నెలంతా సీసాల అక్క ఎప్పటిలాగే కడిగింది, ఒక్క నీళ్లచుక్క ఎక్కువ వాడలేదు.

చివరికి మైక్రోస్కోపులో మైటోకాండ్రియా పచ్చటి పోగులుగా తేటగా కనబడ్డాయి. తల్లికణం నుంచి ఒక పోగు సన్నటి మెడ దాటి, మొగ్గలా పుడుతున్న పిల్లకణంలోకి పాకుతోంది. మైటోకాండ్రియాను కొత్తగా పుట్టించుకోవడం ఏ కణానికీ చేతకాదు, తల్లి ఇస్తేనే ఉంటుంది. చదివిన ఆ మాటను సీసాల అక్క కళ్లారా చూసింది. మైక్రోస్కోపు ముందు నుంచి లేవబుద్ధి కాలేదు.

సార్ వచ్చి చూశాడు. ముఖం వికసించింది.

"తోకకి మార్చాను సార్," అంది అమ్మాయి.

"మంచి ఆలోచన. నీకు బుర్ర ఉందని నాకు తెలుసు."

అమ్మాయి సీసాల అక్క వైపు ఒకసారి చూసి, తల దించుకుంది.

"సీసాలు శుభ్రంగా ఉంటే ఫలితం ఎలా ఉంటుందో చూశావా?" అన్నాడు సార్ ఈసారి సీసాల అక్కతో. "ఇక నుంచి ఇలాగే కడుగు. స్టోర్‌కి వెళ్లక్కర్లేదులే."

"ఇప్పటిదాకా కడిగిందీ ఇలాగే సార్," అంది.

ఆ మాట వినేవాడు అప్పటికే గుమ్మం దాటిపోయాడు.