తాత కళ్ళు

శ్రీకాకుళంలోని ఒక కంటి ఆసుపత్రిలో నా ఉద్యోగం. ఎవరైనా చనిపోతే వాళ్ళ ఇంటివాళ్ళతో మాట్లాడి నేత్రదానానికి ఒప్పించడం నా పని. ఏడుస్తున్నవాళ్ళ దగ్గర ఏ మాట ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో నాకు బాగా తెలుసు. కాని మా తాత పోయిన ఉదయం, మా ఇంట్లోనే నాకు నోరు పెగల్లేదు.

మాది సముద్రం మీద బతికే ఊరు. వేటకెళ్తే నీళ్ళ రంగు చూసి చేపల గుంపు ఎటుందో చెప్పేవాడు తాత. ఆయన పోయింది తెల్లవారి ఆరింటికి. ఆరు గంటల్లోపు కళ్ళు తీసుకోవాలి. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఊరు ఏమంటుందోనన్న భయం ఒకటి. తాత ముఖం మీద ఎవరో చెయ్యి వేస్తారన్న ఊహ ఇంకొకటి. ఇన్నాళ్ళూ పరాయి ఇళ్ళలో ఎంత తేలిగ్గా అడిగానో అప్పుడు తెలిసింది.

చివరికి నాయనమ్మ పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. పక్కనే ఉన్న పెదనాన్న మాత్రం కుదరదన్నాడు. కళ్ళు తీస్తే వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడని, ఊళ్ళో తలెత్తుకోలేమని అన్నాడు. కులపెద్ద కూడా అదే మాటన్నాడు. నేను లేవబోయాను.

నాయనమ్మ నా చెయ్యి వదల్లేదు.

"ఊరోల్లందరూ ఆ కళ్ళని నమ్ముకునే గదరా ఏటకెల్లినారు," అంది పెదనాన్నతో. "అప్పుడు మీకు పనికొచ్చినాయి. ఇప్పుడు ఇంకోల్లకి పనికొస్తే తప్పేటి? వచ్చే జన్మ సంగతి ఆయనా నానూ సూసుకుంటాం. " నా వైపు తిరిగింది. "నువ్వు ఫోన్ సెయ్యే గుంటా."

నేను ఫోన్ చేశాను.

మా ఆసుపత్రివాళ్ళు పదిన్నరకి వచ్చారు. అరగంటలో అయిపోయింది. తలుపు తీయగానే ముందుగా లోపలికొచ్చింది పెదనాన్నే. వంగి తాత ముఖం చూశాడు. నిద్రపోతున్నట్టే ఉంది. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని పాడె కట్టడానికి వెళ్ళాడు.

కొన్ని నెలలకి కులపెద్ద తల్లి పోయింది. ఫోన్ చేసి రమ్మన్నది ఆయనే. నేను ఒప్పించాల్సిన అవసరమే రాలేదు.

ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పేటప్పుడు నాయనమ్మ సంగతి చెబుతాను. ఒక్క అక్షరం రాని మనిషి, మా ఊళ్ళో అందరికన్నా ముందు సరేనన్నది ఆవిడేనని చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది.