పన్నెండో అక్షరం దాకా

నాలుగేళ్ల కింద లాల్‌పేట్ మట్టిగుట్ట మీద ఒక మనిషి ఎడమ కన్ను పోయింది. అప్పుడు లెక్క పెడుతున్నది నేనే.

నేను కట్టెల డిపోలో దుంగల కొలతలు వేస్తాను. ఏడో తరగతితో బడి మానేశాను. మిగతా లెక్కంతా దుంగల మీదే నేర్చుకున్నాను. నా అంకె తప్పదని విని సినిమా తీసే సారు పిలిపించుకున్నారు. ఆయన ఇరవై రెండేళ్లు కాలేజీలో సంస్కృతం చెప్పారు. చదివిన శ్లోకం కదలడం చూడాలని ఉద్యోగం వదిలి, సంస్కృతంలోనే సినిమాలు తీయడం మొదలుపెట్టారు. ఇది మూడోది, ఆఖరిదీ. ఆయన దగ్గర ఫైట్ మాస్టరు ఉండడు. శ్లోకంలో పాదానికి పంతొమ్మిది అక్షరాలుంటే పోరాటానికీ పంతొమ్మిది కదలికలు. ఎదుటివాడు వంగాలి, దెబ్బ ఆ వంగిన తలకు జానెడు పైనుంచి పోవాలి. పన్నెండో అక్షరం దగ్గర విరామం. ఇద్దరూ గదలు దించి ఒక అంకె సేపు నిలబడాలి. పైకి అంకెలు చెప్పే నా గొంతు మాత్రం ఎక్కడా ఆగకూడదు.

గదలు పట్టింది బావాబామ్మర్దులు, ఇద్దరూ గని మనుషులు. ఇంటి గోడ దగ్గర తగాదా పడి ఏడాదిన్నరగా మాట్లాడుకోవడం లేదు. సారుకు అది నచ్చింది. "ఆ చూపు నటిస్తే రాదు" అన్నారు. గదలు టేకువి, నేనే తూచాను, ఒక్కోటి నాలుగు కిలోల ఆరు వందల గ్రాములు. బోలువి చేయిద్దామంటే, బరువు భుజంలో కనపడాలన్నారు.

తొమ్మిది రోజులు సాధన చేశారు. పదో రోజు సారు శ్లోకం మార్చారు. కొత్తదానికి విరామం నాలుగు దగ్గర ఒకటి, పది దగ్గర ఒకటి. బావకు చెప్పారు, నాకు చెప్పారు. బామ్మర్ది ఆ తర్వాత షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. వాళ్లకు మాటల్లేవన్నది మరిచి, బావ చెప్పి ఉంటాడని సారు అనుకున్నారు.

సారు కెమెరా పట్టుకున్నారు, నేను లెక్క మొదలుపెట్టాను. నాలుగు అన్నాను. బావ ఆగాడు, బామ్మర్ది ఆగలేదు. అతని గద బావ భుజం పక్కనుంచి పోయింది. అతనికి తెలియదని నాకు అర్థమైంది. ఆపితే సారు కోప్పడతారు. ఐదు అన్నాను.

పది అన్నప్పుడు బావ గద దించి నిలబడ్డాడు. పాత లెక్కలో అక్కడ అతను వంగాలి. దెబ్బ కణత మీద పడింది. కన్ను ఉన్నచోట నెత్తురు ఎగజిమ్మింది. మోకాళ్ల మీదికి జారుతున్నవాడి భుజం మీద ఇంకో దెబ్బ పడి ఎముక విరిగింది. అప్పుడు బామ్మర్ది గద దించాడు. చూసి, వదిలేసి, బావ తల ఒళ్లో పెట్టుకున్నాడు.

కన్ను పోయిందని, ప్రాణం నిలవాలంటే వెంటనే రక్తం కావాలని ఆసుపత్రిలో చెప్పారు. బామ్మర్దిది అదే గ్రూపు. గాయపడ్డవాడి అన్న అతన్ని లోపలికి పోనివ్వలేదు. గేటు దగ్గర జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు.

"ఒక్క దెబ్బయితే చెయ్యి జారిందనుకుందుం. పడేటోన్ని మళ్ల ఎందుకు కొట్టినవ్‌రా?"

"నాకు యాదికి లేదే అన్నా."

"ఇంటి గోడ యాదికుందా మరి? అదైతే మంచిగ యాదికుంటది నీకు."

మళ్లీ కొట్టాడు. ముక్కు చితికింది. బామ్మర్దికి అక్క, లోపల ఉన్నవాడికి భార్య, మెట్ల మీద కూర్చుని తమ్ముడి వైపు చూడలేదు. "శ్లోకం మార్చింది నేను, తప్పు నాది" అని సారు అంటూనే ఉన్నారు. ఎవరూ వినలేదు. నేను ఆయన చేతిలోంచి కెమెరా తీసుకుని అన్న ముందు పెట్టాను.

"పన్నెండుకు ఆగాలె అని నేర్చుకున్నడు. ఇయ్యాల పదికి మార్చినం, ఈయనకు ఎవ్వలం చెప్పలే. పన్నెండుకు ఏం జేస్తడో చూడుండ్రి."

చిన్న తెర మీద నా గొంతు. పది, దెబ్బ. పదకొండు, దెబ్బ. పన్నెండు. చంపాలనుకున్నవాడి చెయ్యి అక్కడ ఆగదు. ఇతనిది ఆగింది. ఆ తర్వాతా నా గొంతు వినిపించింది: పదమూడు, పద్నాలుగు.

అన్న రెండుసార్లు చూశాడు. జుట్టు వదిలేశాడు.

"గీ గొంతు ఎవనిది?"

"నాదే. ఈయనకు ఎరుక లేదని నాకు నాలుగు కాడనే తెల్సింది."

"తెల్సి పద్నాలుగు దాంక చెప్పినవా? మనిషి పడ్డంక గూడ?"

పిడికిలి నోటి మీద పడింది. కింది వరసలో రెండు పళ్లు ఊడాయి. రెండో గుద్దు కడుపులో. నేను చేతులు అడ్డం పెట్టలేదు. మధ్యలోకి వచ్చిన సారును ఛాతీ మీద తన్నాడు. ఆయన పడి, లేవకుండా అక్కడే కూర్చున్నారు.

మెట్ల మీద ఉన్న అక్క లేచింది. తమ్ముడి మొహం మీది నెత్తురు కొంగుతో తుడిచి, మణికట్టు పట్టుకుంది.

"నడువు. మీ బావకు రక్తం గావాలంట."

ఇద్దరూ లోపలికి పోయారు.