తిరిగొచ్చిన కస్టమర్లు

మా మామకు మూడు బట్టల అంగళ్ళు. ప్రొద్దుటూరులోని పెద్ద అంగట్లో ఆయనే కూర్చుంటాడు. జమ్మలమడుగుది మా బామ్మర్ది చూస్తాడు. పులివెందులది నాది, అంటే ఆయన దయవల్ల నాది.

ఆ ఏడు వ్యాపారం చల్లబడింది. చీరలు కూడా జనం ఫోన్లోనే కొంటున్నారు. రెండు చిన్న అంగళ్ళలో వెనకబడినదాన్ని మూసేస్తానని, దాన్ని చూసేవాడు వచ్చి తన పక్కన కూర్చోవాలని మామ తేల్చి చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో ఒక శ్రావణమంతా ఆయన పక్కన కూర్చున్నవాణ్ణి నేను. మనం మడతపెట్టిన గుడ్డను విప్పి మళ్ళీ మడతపెడతాడు. టీ తాగితే కప్పువైపే చూస్తాడు. మధ్యాహ్నం కాస్త కన్ను మూతపడితే మీటరు కర్రతో బల్ల మీద కొడతాడు. అదేం మనిషండీ!

ఏది వెనకబడిందో తేల్చడానికి మా బామ్మర్ది ఎక్కడో ట్రైనింగుకు పోయి స్ట్రాటజీ మ్యాపు నేర్చుకొచ్చాడు. నేర్చుకున్నవాడు ఊరుకుంటాడా? మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చార్టు మీద నాలుగు గళ్ళు గీశాడు. అట్టడుగున పనివాళ్ళు నేర్చుకోవడం, దానిపైన పని బాగా జరగడం, ఆపైన కస్టమర్లు తిరిగి రావడం, అన్నిటికన్నా పైన లాభం. కింది గడి నుంచి పై గడికి బాణాలు. ప్రతి గడికీ ఒక కొలత ఉండాలట. మామ శ్రద్ధగా చూసి, లాభాన్ని కిందపెడితే తొందరగా చేతికందుతుంది కదా అన్నాడు. బామ్మర్ది నీళ్ళు తాగి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. చివరికి మూడో గడి అందరికీ నచ్చింది. నెలరోజుల్లో తిరిగొచ్చిన కస్టమర్లు ఎవరికి ఎక్కువుంటే ఆ అంగడి గెలిచినట్టు. లెక్కకు రెండు అంగళ్ళకూ ఒక్కో గాజు సీసా.

నేను పులివెందులకు వచ్చి మా సేల్స్‌మన్ చేతికి మా సీసా ఇచ్చి, తిరిగొచ్చిన ప్రతి మనిషికీ అందులో ఒక గుండీ వేయమన్నాను. ఆయన సరేనని తలూపాడు. నేను పెళ్ళిబట్టల బేరాలకని లింగాల వైపు పల్లెలన్నీ తిరిగాను. నెల గడిచేసరికి మా సీసా మెడదాకా నిండింది. జమ్మలమడుగు సీసాలో అడుగు కనబడుతోంది. పాపం బామ్మర్ది అనుకుని లోపల్లోపల ఎగిరి గంతేశాను.

ప్రొద్దుటూరు అంగట్లోనే నాకు సన్మానం. సీసా పట్టుకుని మా సేల్స్‌మన్ కూడా వచ్చాడు. మామ మా కొత్త సరుకులోంచే ఒక ఎర్ర శాలువా తీసి కప్పాడు. చవగ్గా వచ్చిందని ఆ సరుకంతా, చీరలూ శాలువాలూ, నేనే తెచ్చాను. నడి ఎండాకాలం, పైగా కరెంటు పోయింది. చెమటకు నా తెల్లచొక్కా మెడ నుంచి నడుముదాకా ఎర్రబడింది. మా అత్త నెత్తురనుకుని కెవ్వుమంది.

మామ శాలువాను వేలితో రుద్ది, ఎర్రబడ్డ వేలు చూసుకుని, సేల్స్‌మన్ వైపు తిరిగాడు.

"ఈ సరుకు కొన్నోళ్ళు ఏమంటాండారప్పా?"

ఆయన సీసా చూపించాడు. "వాళ్ళే గదప్పా వీళ్ళంతా. చీర వాపసు ఇచ్చేదానికి తిరిగొచ్చినోళ్ళు. తలా ఒక గుండీ వేసినా."

బామ్మర్ది నవ్వలేక కింద కూలబడ్డాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మామ మాత్రం నవ్వలేదు. వచ్చినవాళ్ళు ఊరికే పోయారా, బదులుగా ఇంకేమైనా తీసుకున్నారా అని అడిగాడు. శానా మంది వేరే చీర తీసుకునే పోయారని సేల్స్‌మన్ చెప్పాడు. మామ చార్టు ముందుకు పోయి, మూడో గడి మీద పెట్టిన వేలును అట్టడుగు గడిదాకా దించాడు.

"ఏ అంగడీ మూసేది లేదులే అల్లుడా," అన్నాడు.

ఆ మాటకు ఆయన కాళ్ళ మీద పడబోయాను.

"జనం వస్తాండారు. సరుకు చూసేదే నీకు రాదు. నేనొచ్చి నేర్పిస్తా."

ప్రొద్దుటూరు అంగడి కూడా బామ్మర్దికే అప్పజెప్పి, సోమవారం పొద్దున్నే మామ పులివెందులలో బస్సు దిగాడు. కుర్చీ కూడా వెంట తెచ్చుకున్నాడు.