దగ్గుతో సహా కంఠస్థం

1998లో మనోరమ గౌడవెల్లి ప్రాథమిక పాఠశాలకు బదిలీ మీద వచ్చింది. అంతకుముందు అక్కడ పాఠాలు చెప్పిన జానకిరామయ్య సారు ఆ ఎండాకాలం సెలవుల్లోనే చనిపోయాడు.

మొదటి రోజు నాలుగో తరగతికి వెళ్లి, "మీకు మంచిగ వచ్చిన పాఠం చెప్పుండ్రి" అంది.

పిల్లలంతా లేచి చేతులు కట్టుకుని వాన పాఠం అందుకున్నారు. అన్ని గొంతులూ కలిసి ఒకే గొంతులా ఉన్నాయి. 'నీరు ఆవిరియై పైకి పోవును' అన్నచోట ఆగి, అందరూ ఒక్కసారే పొడిగా దగ్గారు. మళ్లీ అందుకున్నారు.

మనోరమ వాళ్లను ఆపింది.

"నడుమ ఎందుకు దగ్గిన్రు?"

"పాఠంల ఉంది మేడం" అన్నారు అందరూ ఒక్కసారే.

గుమ్మం దగ్గర ఊడుస్తున్న బాలనర్సమ్మ చీపురు ఆపింది. "గది సారు దగ్గు మేడం. పానం బాగలేక పాఠం చెప్పేటప్పుడు గట్లనే దగ్గెటోడు. గిప్పుడు ఇంటుంటె సారు ఇంకా ఈడనే ఉన్నట్టుంటది."

దగ్గకుండా చెప్పమని మనోరమ ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. దగ్గు లేకపోతే తర్వాతి వాక్యం వాళ్ల నోట రాదు.

ఆ శీతాకాలం మేడ్చల్‌లో టీచర్లకు శిక్షణ పెట్టారు. అక్కడ ఒకాయన చెప్పిన మాట ఆమె మనసుకు పట్టింది: "పుస్తకం మూయించి అడగండి. అడిగాక జవాబు మీరే చెప్పేయకండి, ఆగండి. కొన్నాళ్లు పోయాక మళ్లీ అడగండి. గుర్తు తెచ్చుకోవడానికి పిల్లలు పడే కష్టంతోనే చదువు నిలుస్తుంది."

తిరిగొచ్చి పుస్తకాలు మూయించింది. "తడిబట్టల నీళ్లు ఎటు పోతయి?"

ఎండకు పైకప్పు రేకులు చిటచిటమన్నాయి. పిల్లల చూపు ఆమె మీద లేదు. ఆమె వెనక, ఒకప్పుడు సారు కూర్చున్న ఖాళీ కుర్చీ మీద ఉంది, ఎవరో మొదలుపెట్టాలన్నట్టు. మనోరమకు వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు.

చప్పుడు లేదని హెడ్మాస్టర్ రవీందర్ తొంగి చూశాడు. "ఏంది మేడం, పిల్లలున్నరా?"

ఆమె ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

చాలాసేపటికి ఒక సన్నని గొంతు లేచింది. ముందు వరుసలోని సుస్మితది. "గాలిలకు పోతయి కావచ్చు. మా అవ్వ అన్నం గిన్నె మూత తీస్తె దాని కిందికెల్లి నీళ్లు కారుతయి. గవ్వేనా మేడం?"

ఆ పిల్ల గొంతు విడిగా వినడం మనోరమకు అదే మొదలు. "గవ్వి ఎట్లయితయే?" అని వెనక నుంచి ఇంకొకరు అడ్డం తగిలారు. గదంతా గోలైపోయింది.

వారం తర్వాత మళ్లీ అడిగితే సగం మంది మరిచిపోయారు. తడుముకుని, వాదించుకుని తెచ్చుకున్నారు. అలా తెచ్చుకున్నది మాత్రం పోలేదు. పరీక్షల్లో ఏ ఇద్దరూ ఒకేలా జవాబు రాయలేదు. దగ్గు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

మనోరమ అదే బడిలో రిటైరైంది. కొత్తగా వచ్చే టీచర్లు ప్రశ్న అడిగాక ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేక తామే జవాబు చెప్పేసేవాళ్లు. "భయపడకుండ్రి, ఆగుండ్రి" అని వాళ్లకు నేర్పేది. తనకు మాత్రం, ఆగిన ప్రతిసారీ, వెనక కుర్చీలో ఎవరో ఉన్నట్టు చివరిదాకా వీపు చల్లబడుతూనే ఉండేది.