ఊపిరి లెక్కబెట్టిన చలికాలాలు

పోయిన వారం కింది ఫ్లాట్లో నెలల పాపకి జలుబు చేసిందంటే చూడ్డానికి వెళ్లాను. పాప డొక్కలు ఎగరేస్తుంటే నాకు తెలియకుండానే దాని ఊపిరి లెక్కపెట్టాను. ఎన్నో ఏళ్ల కిందటి రాయ్‌పూర్ రైల్వే క్వార్టరు కళ్లముందుకొచ్చింది. మా అమ్మాయికి మూడో నెలలో దగ్గూ జ్వరం పట్టుకుని పది రోజులు ఆసుపత్రిలో ఉంది. గండం గడిచిందన్న సంతోషం చలికాలం దాకానే. ఆ తర్వాత ప్రతి జలుబూ గుండెల్లోకి దిగి పిల్లికూతలయ్యేది. కూరలో ఉప్పేశానో లేదో గుర్తుండేది కాదు గానీ, నిమిషానికి అది ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో ఎప్పుడడిగినా చెప్పగలిగేదాన్ని. మావారు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నా మొహంలోకి చూసేవారు.

శ్రీకాకుళం నుంచి మా అత్తగారొచ్చి పిల్ల బాధ్యత తనమీద వేసుకున్నారు. గాలి తగిలితేనే ఆయాసమని ఆవిడ నమ్మకం, నాదీ అదే. కిటికీలు మూసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కి, సిగిడీ అనే బొగ్గుల కుంపటి గదిలోకి తెచ్చిపెట్టేవారు. "ఎచ్చగుంటే తగ్గిపోతాది, నువ్వు బెంగెట్టుకోకు" అనేవారు.

పిల్లకి నాలుగో ఏడు. ఓ డిసెంబరు పొద్దున్న దాని పెదవులు నీలమయ్యాయి. మాట రాక నా కొంగు పట్టుకుని గుంజింది. మావారు డ్యూటీలో ఉన్నారు. పిల్లనెత్తుకుని అత్తాకోడళ్లం రిక్షా ఎక్కాం. "జల్దీ పద నాయినా, బచ్చీకి సాస్ ఆడట్లేదు" అని అత్తగారు తన హిందీలో దారంతా మొత్తుకున్నారు. ఆ రిక్షావాడికి అంతా అర్థమైంది.

సూదిమందుతో ఊపిరి కుదుటపడ్డాక డాక్టరమ్మ అడిగింది. "ఘర్ మే సిగిడీ జలాతే హో?" అవును, ఇంట్లోనే వెలిగిస్తామన్నాను. పసితనంలో వచ్చిన జబ్బుతో ఊపిరిగొట్టాలు నాజూకైపోయాయనీ, ఈ పొగ వాటిని ఇంకా బిగిస్తోందనీ నెమ్మదిగా చెప్పింది. పెద్దయ్యాక తగ్గుతుందా అంటే, చాలామందికి తగ్గుతుంది, మాట మాత్రం ఇవ్వలేనంది. అదంతా నేను తెలుగులో చెబుతుంటే అత్తగారు మధ్యలోనే చేత్తో ఆపారు. "నానే సేసినాను కదే" అన్నారు. "ఇద్దరం చేశాం అత్తయ్యా" అన్నాను. విన్నారో లేదో. ఇంటికి రాగానే కిటికీలన్నీ తెరిచి, సిగిడీని తానే వాకిట్లోకి మోసుకెళ్లారు. ఆ చలికాలమంతా శాలువా కప్పుకుని అక్కడే వంట. నేను చేస్తానంటే, వేళ్లు కొంకర్లు పోతున్నా "నాకేటి సలి" అని కసిరేవారు.

ఆయాసం ఒక్కసారిగా పోలేదు. చలికాలానికి నాలుగుసార్లు వచ్చేది రెండయింది, ఒకటయింది. చివరిసారి వచ్చినప్పుడు అదే చివరిదని మాకెవరికీ తెలీదు. తర్వాత రెండేళ్లు ఊరికే భయపడుతూ గడిపాం. భయం మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు ఇప్పటికీ గుర్తే గానీ, అది ఏ రోజు వెళ్లిపోయిందో కాలం మాకు చెప్పనేలేదు.