ఊరగాయ జాడీ మీది రికార్డు

మా ఇంటామె పోయింది. గుండె ఆగిపోయింది. తిరుపతిలో, ఇంటికి దగ్గరి ఆసుపత్రిలో, తెల్లవారే వేళ. బంధువులు వీధి మొదట్లో అంటించిన కాగితంలో ‘పరమపదించారు’ అని వేయించారు. ఆమె చూసి ఉంటే ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉండేది. కెమిస్ట్రీ లెక్చరరు. కంటితో చూడనిదాన్ని చూసినట్టు రాస్తే మార్కులు వేసేది కాదు. అందుకే నేను పోయింది అనే రాస్తున్నాను.

ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు మీలో ఉండవచ్చు. ల్యాబులో ఆమె కేకలు మీకు గుర్తుండే ఉంటాయి. ఇంట్లో ఆమె ఏం చేసేదో మీకు తెలియదు. పరామర్శకు వచ్చినవాళ్లు ఆమెను నెమ్మదస్తురాలన్నారు, అన్నిటికీ సర్దుకుపోయే మనిషన్నారు. కాదు. సర్దుకుపోవడం ఆమెకు రాదు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆమె పాత జాజ్ రికార్డులు సేకరించేది. లక్కతో చేసిన నల్లటి, బరువైన రికార్డులు. కింద పడితే పెంకులా పగిలిపోతాయి. జాజ్ అంటే అమెరికాలో నల్లజాతివాళ్లు పుట్టించిన సంగీతం. బూరలు, క్లారినెట్టు, పియానో, డ్రమ్ములు. పాట మధ్యలో ఒక్కొక్కరూ తమ దారిన తాము పోయి, మళ్లీ ఒకచోట కలుసుకుంటారు. పెళ్లయిన కొత్తలో నాకది సంతలో గోలలా వినిపించింది. ఆమెతో అన్నాను కూడా. ‘సంతలో గోల యాడుంటుంది? అందరూ బేరమే ఆడుతుంటారు. నీకు ఒకరి మాట ఇనే ఓపిక లేక గోలంటావు’ అంది.

ఆమె పుట్టి పెరిగింది రేణిగుంట రైల్వే క్వార్టర్సులో. తండ్రి లోకో షెడ్డులో ఫిట్టరు. పక్క క్వార్టరులో ఒక ఇంజను డ్రైవరు కుటుంబం ఉండేది, ఆంగ్లో ఇండియన్లు. ఆ ఇంటి ఆంటీ ఆదివారం పూట గ్రామఫోనుకు కీ ఇచ్చి జాజ్ పెట్టేది. ఈ పిల్ల గోడెక్కి కూర్చునేది. తండ్రికి నచ్చలేదు. ‘ఆ దొరల పాటలు మనకెందుకే?’ అన్నాడట. ‘రైలు గూడా దొరలు తెచ్చిందే గదా నాయనా. దాంట్లో జీతం తీసుకోవడం లేదా నువ్వు?’ అందట. ఆ పూట దెబ్బలు పడ్డాయని నవ్వుతూ చెప్పేది. ఆంటీ వాళ్లు ఊరు విడిచి పోతూ ఒక పెట్టె రికార్డులు ఆమెకిచ్చి పోయారు. మా పెళ్లికి ఆమె తెచ్చుకున్న సామానులో పెద్దది ఆ పెట్టే.

మాకు పిల్లల్లేరు. ఆ ఒక్క మాట పట్టుకొని ఎంతమంది ఎన్ని అన్నారో రాయను. ఒకటి చాలు. బంధువుల పెళ్లి విందులో ఎవరో ముసలామె, ‘పిల్లల్ని సాకినట్టు ఆ రికార్డుల్ని సాకుతుండావంట గదమ్మే’ అంది. మా ఇంటామె ఆకులో పాయసం తింటూనే, ‘పిల్లలైతే ఎదురు సెప్తారవ్వా. ఇవి నేను పెడితేనే పలుకుతాయి’ అంది. ఆ వరసలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ముసలామె కూడా నవ్వింది.

రికార్డులు కడిగే పని వంటింట్లో జరిగేది. కుంకుడుకాయల రసం గుడ్డలో వడగట్టి, ఆ నురుగుతో, పసిపిల్లల బ్రష్షుతో, గీతల వెంబడే గుండ్రంగా తోమేది. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే నీళ్లతో కడిగేది. ‘కుళాయి నీళ్లల్లో సున్నముండాది, గీతల్లో దిగబడుతుంది’ అనేది. స్పిరిటు దగ్గరికి రానిచ్చేది కాదు, లక్క కరిగిపోతుంది. తర్వాత కంచాల స్టాండులో నిలబెట్టేది. ఒక కంచం, ఒక రికార్డు, ఒక కంచం. అన్నానికి కూర్చునేటప్పుడు నేను చూసి తీసుకోవాలి.

వంకర పోయినవాటికి వైద్యం మేడ మీద. పాత కిటికీ అద్దాలు రెండు. వాటి మధ్య రికార్డు. పైన బరువు. పొద్దుటి లేత ఎండలో లక్క కొంచెం మెత్తబడుతుంది. ఎండ ముదరకముందే, అద్దాల మధ్యన ఉన్నది ఉన్నట్టే నీడకు మార్చాలి. నీడలో అది మెల్లగా చల్లారుతుంది. ఒక్క ఎండకే వంపంతా తీయాలని చూస్తే పగులుతుంది. ‘ఇంకో ఎండ సూద్దాం’ అనేది. అన్నిటికీ అదే మాట. ఉద్యోగంలో నాకు ప్రమోషను తప్పినప్పుడు అదే. ఫెయిలైన అమ్మాయి వచ్చి ఇంట్లో ఏడ్చినప్పుడూ అదే. అది ఓదార్పు కాదు, మళ్లీ పనికి కూర్చోమనడం.

మా మేడకూ పక్కింటి మేడకూ మధ్య నడుమెత్తు గోడ. పక్కింటామె మా ఇంటామెను అక్కా అనేది. వాళ్లది ఒకప్పుడు పప్పుల అంగడి. ఆమె అటు వడియాలు పెడితే, మా ఇంటామె ఇటు రికార్డులు పెట్టేది.

‘ఏందక్కా ఇవి, నల్ల అప్పళాలా?’

‘అవును. నూనెలో ఏయిస్తావా?’

‘మా ఆయనకు పెడతా. పళ్లుండాయో లేదో తెలుస్తుంది.’

‘ఆయన పళ్ల సంగతి నాకొద్దుగానీ, మీ అంగడి తూకం రాళ్లు ఇయ్యి. బరువు సాలడం లేదు.’

అలా ఆ ఇనప తూకం రాళ్లు గోడ దాటి మా మేడకు వచ్చాయి. మళ్లీ వెనక్కి పోలేదు. మాటల మధ్య పక్కింటామె ఎప్పుడూ ఒకటే అడిగేది. కొండ కింద ఇల్లు పెట్టుకొని, పొద్దున లేస్తే ఊరంతా కీర్తనలే వినిపిస్తుంటే, ఈ పాటలు ఎందుకు?

‘కీర్తనలు ఇనేవాళ్లు ఊరంతా ఉండారు. వీటికి నేనొకదాన్నే’ అనేది మా ఇంటామె.

పాకాల జంక్షన్లో ఒక పాత రైల్వే ఇంట్లో రికార్డులున్నాయని ఎవరో చెబితే వెళ్లాం. పెట్టెలన్నీ ఎప్పుడో చెదలు పట్టి పోయాయి. ఒకటి మాత్రం ఉందని ఆ ఇంటావిడ వంటింట్లోకి తీసుకుపోయింది. ఊరగాయ జాడీ మీద మూతగా ఉంది, దాని మీద ఒక గుండ్రాయి. రికార్డు కంచంలా గుంట పడిపోయింది. నూనె తాగి మధ్యలో కాగితం చాలావరకు ఊడిపోయింది. పేరు లేదు. బొమ్మ మాత్రం అంచున కొంచెం మిగిలింది, ఒక బూర మొదలు. అది చూసి మా ఇంటామె అక్కడే నేల మీద కూర్చుంది.

‘దీన్ని నువ్వు తీసకపోతే నా ఊరగాయకు మూతెవరిస్తారు? ఇది పెట్టినప్పట్నుంచి బూజే పట్టలేదు’ అంది ఆ ఇంటావిడ.

పాకాల అంగళ్లలో వెతికితే ఆ జాడీకి సరిపోయే మూత దొరకలేదు. తర్వాతి ఆదివారం మా ఇంటి జాడీ మూత పట్టుకొని మళ్లీ పాకాల వెళ్లాం. సరిగ్గా సరిపోయింది. అప్పటి నుంచి మా జాడీకి గుడ్డే మూత.

ఆ రికార్డును ఎన్నిసార్లు కడిగినా ఇంగువ వాసన పోలేదు. ప్లేయరు మీద పెడితే మొదటి చుట్టులోనే ముల్లు ఎగిరి పడేది. ఎవరు వాయించారో తెలియదు. ఏం వాయించారో తెలియదు. మిగతావన్నీ పలికాయి, ఇది పలకలేదు. ఇది పలకదులే అన్నాను. ‘పలకదని నీకెవరు సెప్పినారు?’ అంది. ఎండలు మొదలైనప్పుడల్లా అది అద్దాల మధ్యకు వెళ్లేది. ప్రతి ఏడూ కొంచెం చదునయ్యేది.

ఈ ఏడు కూడా పెట్టింది. పెట్టి మెట్లు దిగి, కింది మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆయాసంగా ఉందంది. ఆటో పిలిచాను. ఆసుపత్రిలో సూది వేసి పడుకోబెట్టాక కళ్లు తెరిచి, ‘దాన్ని నీడకు తీసినావా?’ అని అడిగింది. లేదన్నాను. ‘ఎండ ముదురుతుంది. పోయి తీసిరా పో. నేను యాడికీ పోనులే’ అంది. నేను కదల్లేదు. ఆమె కోపంగానే కళ్లు మూసుకుంది. తర్వాత మాట్లాడలేదు. మరునాడు తెల్లవారుతుండగా పోయింది.

దహనం అయిన మరునాడు మేడ ఎక్కాను. ఆ ఎండకు లక్క కారిపోయి ఉంటుందనుకున్నాను. ఎండలో అద్దాలు లేవు. నీళ్ల ట్యాంకు కింద నీడలో ఉన్నాయి, తూకం రాళ్లతో సహా. గోడకు అటువైపు పక్కింటామె నిలబడి ఉంది.

‘మీరు ఆటో ఎక్కినాక నేనే మార్చినా, అన్నా. ఎండెక్కకముందే తియ్యల్లని అక్క ఎప్పుడూ సెప్తా ఉండె గదా. అద్దాలు అట్లనే ఎత్తి పెట్టినా. సరిగ్గా పెట్టినానా?’

సరిగ్గానే పెట్టిందని చెప్పాను.

పెద్ద దినానికి ఐరాల నుంచి మా అన్న, మా వాళ్లు వచ్చారు. అన్న ట్రాలీ ఆటోను వెంట తెచ్చుకున్నాడు. పోయినవాళ్లు వాడిన వస్తువులు ఇంట్లో ఉంచకూడదన్నది మా వాళ్ల పద్ధతి. మంచం, పరుపు, చీరలు గుమ్మం బయటికి వచ్చాయి. తర్వాత అన్న రికార్డుల గదిలోకి చూశాడు.

‘రేయ్ సిన్నోడా, ఈ నల్ల తట్టలు గూడా ఎక్కించేద్దాం. ఆయమ్మ సెయ్యి పడనిది ఈడ ఒక్కటీ లేదు.’

‘వద్దు’ అన్నాను.

‘నువ్వు ఒంటిగోడివి. వీటిని ఏం సేసుకుంటావు? తుడుస్తా కూసుంటావా?’

‘తుడుస్తాను.’

అన్న ఆ గది తలుపు దగ్గరికి వేశాడు. అయితే ఆటోను పంపలేదు. పని అయ్యాక మాట్లాడదామన్నాడు.

ఫొటో ముందు అరిటాకు పరిచారు. ఆమెకు ఇష్టమైనవన్నీ వండి పెట్టాలి. సంగటి, శెనక్కాయల చట్నీ, ఓళిగలు. గుడ్డ మూత విప్పి జాడీలోంచి ఊరగాయ కూడా వడ్డించారు. అన్న ఒక్కొక్కటే చూసుకుంటున్నాడు. ‘బాగా గ్యాపకం సేసుకోండి. ఇష్టమైంది ఒక్కటి తక్కువైనా ఆయమ్మ గడప దాటి పోదు’ అన్నాడు.

ఆమె గడప దాటి పోవాలన్న తొందర నాకేమీ లేదు. అయినా తక్కువైంది ఏదో నాకు తెలుసు. మేడ మీదికి వెళ్లి అద్దాలు తీసి రికార్డును కిందికి తెచ్చాను. పీట మీద ప్లేయరు పెట్టి ఆకు పక్కన ఉంచాను.

‘ఏందిరా ఇది?’ అన్నాడు అన్న.

‘ఇష్టమైంది.’

‘సావింట్లో పాటా? సంవచ్చరం తిరిగేదాకా ఈ ఇంట్లో మేళం పలకగూడదు. ఊరోళ్లు ఉమ్మేస్తారు.’

‘నాయన పోయినప్పుడు పలకలు కొట్టించింది నువ్వే గదా అన్నా. ఇంటి నుంచి కాడు దాకా. వాళ్ల ముందర ఎగిరింది గూడా నువ్వే.’

పలకలంటే మా వైపు శవం ముందు నడిచే డప్పులు. అన్న పీటకు అడ్డు తప్పుకున్నాడు. జాజ్ పుట్టిన ఊళ్లో కూడా శవం వెంట బ్యాండు పోతుందని, వెళ్లేటప్పుడు మెల్లగా, తిరిగి వచ్చేటప్పుడు హుషారుగా వాయిస్తారని ఆమె నాకు చెప్పింది. అది అన్నకు చెప్పాలనుకున్నాను. అవసరం రాలేదు. ముల్లు పెట్టాను.

మొదట తాలింపు వేసినట్టు చిటపటమంది. ముల్లు ఎగరలేదు. రికార్డు వంపు మీద ముల్లున్న ప్లేయరు చేయి పైకి లేచింది, కిందికి దిగింది, మళ్లీ లేచింది. నిద్రపోయే మనిషి ఎదలాగా. అప్పుడు బూర వచ్చింది. ఒక్కటే బూర, తొందర లేకుండా. దాని వెనక ఎక్కడో పియానో. తర్వాత ఒక మగగొంతు, మాటలు కావు, నవ్వినట్టు ఒక శబ్దం. ఆ ఇంటి ఊరగాయ మీద అన్నేళ్లు మూతగా ఉన్నది ఇది. వాయించినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఆమె ఒక్కసారి కూడా వినలేదు.

సగం దాకా పలికింది. తర్వాత వంపు ఎక్కువైన చోట ముల్లు గీత తప్పి, గీసుకుంటూ లోపలికి జారిపోయింది. ఆపేశాను.

‘అయిపాయనా?’ అని వెనక నుంచి మా చిన్నాయన అడిగాడు. ఆయనకు చెవులు సరిగా వినపడవు.

‘ఇంకా సగముండాది చిన్నాయనా.’

‘అది ఎప్పుడు ఇనిపిస్తావు?’

‘ఇంకో ఎండ సూడల్ల’ అన్నాను.

అన్న లేచి బయటికి వెళ్లాడు. ‘మంచం, పరుపు, సీరలు ఎక్కించుకో అప్పా. ఇంకేం లేవు, పో’ అని ఆటోవాడితో అనడం అందరికీ వినిపించింది. లోపలికి వచ్చి నా వైపు చూడకుండా ఆకు ముందు కర్పూరం వెలిగించాడు.

కాబట్టి అమ్ముతారా అని ఎవరూ అడగవద్దు. మ్యూజియానికి ఇవ్వమని సలహా చెప్పవద్దు. ఈ వయసులో ఇదేం పని అని కూడా వద్దు. నేను కరెంటాఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. సంగీతం తెలియదు. కుంకుడుకాయలు కొట్టడం వచ్చు. వీటికి ఇప్పుడు నేనొకణ్ణే.

ఇవాళ పొద్దున కూడా దాన్ని మేడ మీద పెట్టాను. కింద ఒక అద్దం, పైన ఒక అద్దం, వాటి మీద తూకం రాళ్లు. గోడకు అటువైపు పక్కింటామె తెల్లచీర పరిచి వడియాలు పెట్టింది. గొడుగు నీడలో కూర్చుని, చివర నల్లగుడ్డ కట్టిన పొడుగాటి కర్రతో కాకులను తోలుతోంది. కర్ర అటు వడియాల మీదుగా పోయి, గోడ దాటి, మా అద్దాల మీదుగా కూడా ఒక చుట్టు తిరిగి వెనక్కి వస్తోంది.