రక్తం తక్కువే, అంతే

నా భార్య జబ్బు నాకు అర్థమైనంత బాగా, రిటైరయ్యేదాకా ప్లాంటులో బాగుచేసిన మోటార్లు కూడా అర్థం కాలేదు. అంతా తెలిసింది, చెప్పుకోవడానికే మనిషి లేకపోయింది.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి, ఈ ఊళ్లో అందరిలాగే హిందీలో చెప్పింది. ఎముకల మజ్జలో రక్తాన్ని పుట్టించే మూలకణాలుంటాయి. అవి చాలావరకు నిద్రలోనే ఉంటాయి. అవసరమైనప్పుడే కొన్ని లేచి, రెండుగా చీలి, కొత్త రక్తకణాలనిస్తాయి. అయినదానికీ కానిదానికీ లేవకుండా వాటిని అదుపులో పెట్టేవి కణితులను అడ్డుకునే ప్రోటీన్లు. కణం లోపల ఏదైనా చెడితే వాటిలో ఒకటి, బాగయ్యేదాకా ఆగమంటుంది. బాగవకపోతే ఆ కణం చచ్చిపోయేలా చేస్తుంది. మా ఆవిడ మజ్జలో ఏదో ఒక్క కణంలో ఆ ప్రోటీనే పాడైంది. ఆపేవాళ్లు లేక ఆ కణం పెరిగి పెరిగి మజ్జంతా తన సంతానంతో నింపేసింది. అందులో సరైన రక్తంగా ఎదిగేవి బాగా తక్కువ.

ఎక్కువ కాలం లేదు, ఆమెకు మీరే చెప్పండి అంది డాక్టరమ్మ. సరేనన్నాను. ఆస్పత్రి ఉన్న సుపేలాలో ఆటో ఎక్కి కోహ్కాలో మా ఇల్లు చేరేలోగా ధైర్యం కాస్తా జారిపోయింది. గుమ్మంలోనే నిలబడి, "రగతం తక్కువే, అంతే. కంగారు పడకు" అన్నాను.

"సరే" అని లోపలికి వెళ్లింది. ఏమీ అడగలేదు. బతికిపోయాననుకున్నాను, మూర్ఖుణ్ణి. మా చర్చి ఆడవాళ్లు రక్తం పడుతుందని బీట్‌రూట్లూ ఖర్జూరాలూ తెచ్చేవారు. ఆమె వాళ్లతో నవ్వుతూ మాట్లాడుతుంటే, నేను పక్క గదిలో గోడవైపు తిరిగి కూర్చునేవాణ్ణి. అంత ఒంటరితనం నా జన్మలో ఎరగను.

ఆరు నెలలకు, ఆస్పత్రి మంచం మీద ఆమే మొదలుపెట్టింది.

"ప్లాంటులో ఎవులికి ఏటయినా ఆలింటికెల్లి సెప్పింది మీరే కదా. గుమ్మంలో నిలబడి 'సిన్న దెబ్బే, కంగారు పడకమ్మా' అనీవోరు. ఆల్లలో ఎందరు తిరిగొచ్చినారు? మొదటి రోజే నాకు తెలిసిపోనాది."

నిజమే. చావు కబురైనా చిన్న దెబ్బగానే మోసుకెళ్లడం ప్లాంటులో మా వర్క్‌షాపు మర్యాద. అలవాటుకొద్దీ సొంత ఇంటికీ అలాగే మోసుకొచ్చాను.

"మరి అడగనేదేటి?"

"మీరు బయపడిపోయి ఉన్నారని. ఇప్పుడు సెప్పండి. నా లోపల ఏటవతందో మొత్తం సెప్పండి."

చెప్పాను. నిద్రపోయే కణాలు, ఆపే ప్రోటీన్, అన్నీ. ఆమె మధ్య మధ్యలో ప్రశ్నలడిగింది. అంతసేపు మేం మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో. ఆ తర్వాత మాకు మిగిలినవి తొమ్మిది రోజులు. ఆరు నెలలు నేనే పారబోశాను.